ఎవరూ భాగించని సంఖ్య

యంత్రం నుంచి వచ్చిన కాగితం మీద పెద్ద అక్షరం ఒక్కటే ఉంది: ప్ర. దాని కింద పేరు, వయసు, ఊరు. అన్నిటికీ అడుగున, కాగితం మడత పడే చోట, చీమల బారులాంటి చిన్న అంకెల్లో ఒక పెద్ద సంఖ్య. వచ్చినవాళ్లందరూ పై అక్షరం చూసి కాగితం మడిచేస్తారు. ఆడెపు రాజేశం మాత్రం కింది సంఖ్యనే చూస్తూ నిలబడ్డాడు.

“ఏమొచ్చింది బావా? పాసా, ఫేలా?” అంది మంచం మీదున్న వనజ.

వనజ అతని భార్య సుగుణకు చెల్లెలు. ముప్పై ఎనిమిదేళ్లు. సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిచే కార్ఖానాలో నూలు కండెలు చుడుతుంది. సోమవారం పొద్దున కండెల మిషన్ ముందే కళ్లు తిరిగి పడిపోయింది. భర్త భీవండిలో నేతపనిలో ఉన్నాడు. రైలెక్కానని ఫోన్ చేశాడు. అతను వచ్చేదాకా ఆమెకు రాజేశమే దిక్కు.

“ప్ర వచ్చింది,” అన్నాడు రాజేశం.

“అక్కకచ్చిందే.”

“అదే.”

వనజ పైకప్పు వైపు చూసింది. “మా అమ్మ మా ఇద్దరికి ఒక్క తీరు గౌన్లే కుట్టిచ్చేది. గుండెలు గూడ ఒక్క తానులకెల్లి కత్తిరిచ్చినట్టున్నది.”

రాజేశం నవ్వలేదు. ఎనిమిది నెలల నుంచి అతనికి నవ్వు రావడం లేదు. జేబులోంచి పెన్ను తీసి, ఆ కాగితం వెనక్కి తిప్పి, కిటికీ గట్టు మీద పెట్టుకున్నాడు.

హనుమకొండ శివార్లలో ఉన్న ఆ పరిశోధనాలయానికి నాలుగు జిల్లాల నుంచి గుండె జబ్బు మనుషులు వస్తారు. అందరిదీ ఒకే జబ్బు కాదు. లయముడి అనే జబ్బు ఉన్నవాళ్లను మాత్రమే రెండో అంతస్తుకు పంపుతారు. ఆ జబ్బులో గుండె ఒక్క లయలో కొట్టుకోవడం మాని మూడు లయల్లో కొట్టుకుంటుంది. మూడూ ఒకదానికొకటి చిక్కుపడి, చివరకు గుండె ఏ లయలోనూ కొట్టుకోలేని స్థితి వస్తుంది. ఇక్కడి అధిపతి డాక్టర్ హేమనళిని పదేళ్లు కష్టపడి ఆ చిక్కును చదివే యంత్రం కనిపెట్టింది. అది మూడు గంటల గుండె చప్పుడును విని, మొత్తాన్ని ఒకే ఒక పెద్ద పూర్ణ సంఖ్యగా కుదిస్తుంది. ఆ సంఖ్య విడిపోతే, అంటే సంయుక్త సంఖ్య అయితే, దాని కారణాంకాలే ఆ మూడు లయలు. సన్నని తీగ ద్వారా ఆ లయల్లోనే గుండెను తట్టితే ముడి విడిపోతుంది. సంఖ్య విడిపోకపోతే, అంటే ప్రధాన సంఖ్య అయితే, ఆ ముడికి కొసలు లేనట్టే. అలాంటి గుండెను తట్టకూడదు.

వాళ్ల కాగితం మీద ‘ప్ర’ వస్తుంది. ప్ర వచ్చినవాళ్లు సాయంత్రం నాలుగు గంటలకల్లా మందుల పొట్లంతో ఇంటికి పోవాలి. అది అక్కడి పద్ధతి. ఎక్కువలో ఎక్కువ ఆరు వారాలు బతుకుతారు. సుగుణ ఇరవై ఆరు రోజులు బతికింది.

మామూలు జనం ఆ యంత్రాన్ని లెక్కల మిషన్ అంటారు. రాజేశం జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై ఏడేళ్లుగా లెక్కలు చెబుతున్నాడు. సుగుణకు ప్ర వచ్చిన రోజు అతను ఆ మాటను నమ్మాడు. ప్రధాన సంఖ్యను విడగొట్టడం ఎవరి వల్లా కాదని పిల్లలకు ఏటా తనే చెప్పాడు. ఆ పాఠం చెప్పిన నోటితో ఇంకొక మాట అడగలేకపోయాడు.

*

సుగుణ పోయిన మూడో రోజు నుంచి అతను భాగహారాలు చేయడం మొదలుపెట్టాడు.

దేనికోసమూ కాదు. ఇల్లంతా చుట్టాలు. వచ్చినవాళ్లు ఏదో ఒకటి అంటారు, దానికి ఏదో ఒకటి చెప్పాలి. చేతిలో పుస్తకం, పెన్ను ఉంటే ఎవరూ పలకరించరని అతనికి తెలుసు. మూలన చాప మీద కూర్చుని, సుగుణ కాగితం అడుగున ఉన్న సంఖ్యను నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాడు. 9624742921. తొమ్మిది వందల అరవై రెండు కోట్ల నలభై ఏడు లక్షల నలభై రెండు వేల తొమ్మిది వందల ఇరవై ఒకటి. దాన్ని మూడుతో భాగించాడు, పోలేదు. ఏడుతో భాగించాడు, పోలేదు. పదకొండు, పదమూడు, పదిహేడు. ఒక్కొక్క భాగహారం కింద పిల్లలతో రాయించినట్టే ‘సరిచూచుట’ అని రాసి, భాజకాన్ని భాగఫలంతో గుణించి, శేషం కలిపి, మొదటి సంఖ్య మళ్లీ వచ్చిందో లేదో చూసుకున్నాడు. ఆ పని చేస్తున్నంతసేపు ఆమె సంఖ్య మళ్లీ మళ్లీ పూర్తిగా అతని ముందుకు వచ్చేది. అంతకుమించి అతను కోరుకున్నది లేదు.

“లెక్కలేంది బావా ఇప్పుడు,” అని వనజ ఒకసారి కసిరింది. “జనం నవ్వుతున్నరు.”

“నవ్వనియ్యి.”

“ఇంత బువ్వన్న తిను. చేతులు వణుకుతున్నయ్, అంకెలు వంకర వోతున్నయ్.”

అంకెలు వంకర పోలేదు. పదకొండో రోజు కర్మ అయిపోయి చుట్టాలు బస్సులెక్కుతున్న సమయానికి అతను నూట తొంభై మూడో ప్రధాన సంఖ్య దగ్గర ఉన్నాడు. 1171. భాగించుకుంటూ పోయి చివరి అంకె దించాడు. శేషం సున్నా.

తప్పు చేశాననుకున్నాడు. సరిచూశాడు. కొత్త పేజీలో మళ్లీ చేశాడు. మళ్లీ సున్నా.

నాలుగు రోజుల తర్వాత మిగిలిన భాగఫలం కూడా విడిపోయింది. 1171, 2341, 3511. సుగుణ సంఖ్య ఆ మూడింటి లబ్ధం. సుగుణ గుండెలో మూడు లయలున్నాయి, మూడు కొసలున్నాయి. యంత్రం ప్ర అన్నది తప్పు.

బడికి వెళ్లి పాత పుస్తకాలు తిరగేశాడు. కారణం దొరకడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. యంత్రం సంఖ్యను భాగించి చూడదు. గుండె లయ మారిపోయేలోపు జవాబు చెప్పాలి కాబట్టి ముందు ఒక చిన్న పరీక్ష పెడుతుంది. ప్రధాన సంఖ్యలన్నీ ఆ పరీక్షలో నెగ్గుతాయి. సంయుక్త సంఖ్యలు దాదాపు అన్నీ ఓడిపోతాయి. ఓడినవాటినే యంత్రం విడగొడుతుంది, నెగ్గినవాటిని ముట్టుకోదు. కానీ సంయుక్త సంఖ్యల్లోనే అరుదుగా కొన్ని ప్రధాన సంఖ్యల వేషం వేసుకుని ఆ పరీక్షలో నెగ్గుకొస్తాయి. గణితం చదివినవాళ్లకు నూరేళ్ల పైనుంచీ వాటి గురించి తెలుసు. లక్షల్లో ఒకటి కదా అని యంత్రం చేసినవాళ్లు వాటిని వదిలేశారు.

‘దాదాపు’ అన్న ఆ ఒక్క మాట దగ్గర సుగుణ చనిపోయింది.

అతను పరిశోధనాలయానికి ఉత్తరం రాశాడు. తిట్టలేదు. మూడు సంఖ్యలు రాసి, గుణించి చూడండి అన్నాడు. రెండో ఉత్తరం రాశాడు. మూడోదానికి జవాబు వచ్చింది: యంత్రపు నిర్ణయమే తుది నిర్ణయమని, అతని విచారంలో పాలుపంచుకుంటున్నామని.

ఆ వారం ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి విసుక్కుంది. “జవాబు వచ్చింది కదా సార్. మళ్ల ఎందుకు సరిచూసుడు?”

“వచ్చిందని ఎట్ల తెలుసు?”

“వచ్చింది కాబట్టి తెలుసు సార్.”

తరగతి మొత్తం నవ్వింది. రాజేశం బోర్డు వైపు తిరిగి ‘సరిచూచుట’ అని రాశాడు.

*

కిటికీ గట్టు మీద అతను రాసుకున్న సంఖ్య 1299963601. వనజది.

ఈసారి మూడుతో మొదలుపెట్టలేదు. సుగుణ సంఖ్యను ఎనిమిది నెలలు చూసి చూసి అతనికి ఒక సంగతి అర్థమైంది. ఆమె మూడు కారణాంకాల్లో ఒక్కొక్కదాని నుంచి ఒకటి తీసేస్తే 1170, 2340, 3510. మొదటిదానికి రెండోది రెట్టింపు, మూడోది మూడింతలు. ఆ పొందిక ఉన్న సంఖ్యలే ఎక్కువగా వేషం వేసుకుని పరీక్షలో నెగ్గుతాయి. అక్కాచెల్లెళ్ల గుండెలు ఒకే తానులోవైతే వనజ లయలు కూడా అదే పొందికలో ఉండాలి.

ఉంటే లెక్క చిన్నది. ఒకటి, రెండు, మూడు గుణిస్తే ఆరు కాబట్టి వనజ సంఖ్యను ఆరుతో భాగించాడు. ఇరవై ఒక్క కోటి అరవై ఆరు లక్షల చిల్లర వచ్చింది. ఏ సంఖ్యను మూడుసార్లు వేసి గుణిస్తే దాని దగ్గరికి వస్తుందో చూశాడు. ఆరు వందలు. ఒకటి కలిపితే 601. దాని రెట్టింపుకు, మూడింతలకు ఒక్కొక్కటి కలిపితే 1201, 1801.

గుణించాడు. 601ని 1201తో గుణిస్తే 721801. దాన్ని 1801తో గుణించడానికి కాగితం చాలక అంచుల్లో రాశాడు. చివరి వరసను రెండుసార్లు కూడాడు.

1299963601.

“ఏం రాస్తున్నవ్?” అంది వనజ.

“నీ గుండె.”

“పొద్దటికెల్లి ఇది ఒక్కటే మంచి మాట చెప్పినవ్.”

యంత్రం దగ్గర కూర్చునే ఇంతియాజ్ అప్పుడే వచ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి, మెత్తగా మాట్లాడతాడు. “సార్, నాలుగింటికి బండి వెడుతున్న. సామాను సదురుకోన్రి.”

రాజేశం కాగితం అతని చేతికిచ్చాడు. ఇంతియాజ్ చూశాడు. ఫోన్ తీసి మూడు సంఖ్యలు గుణించాడు. ఫోన్‌ను, కాగితాన్ని రెండుసార్లు మార్చి మార్చి చూశాడు.

“ఇది ఫోన్ల కొడ్తే ఒక్క సెకను పని సార్,” అన్నాడు మెల్లగా.

“అవును. ఎవరన్నా ఆ ఒక్క సెకను పెట్టిన్రా?”

ఇంతియాజ్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“బండి వద్దు,” అన్నాడు రాజేశం. “మేం పోతలేం. మీ మేడంను పిలువు. రాకపోతే ఈ మంచం కాడనే కూసుంట.”

*

డాక్టర్ హేమనళిని వచ్చింది. యాభై దాటిన మనిషి. నెరిసిన జుట్టును వెనక్కి ముడి వేసుకుని, కళ్లజోడు మెడలో వేలాడేసుకుంది. మంచం పక్కన నిలబడి కాగితం చదివింది. రాజేశం మూడు ఉత్తరాల గురించి ఎత్తలేదు. ఆమెకు అవి గుర్తొచ్చాయని మాత్రం అతనికి తెలిసింది, ఎందుకంటే పేరు అడగకుండానే “రాజేశం గారూ” అంది.

“గుణకారం సరిగానే ఉంది,” అంది. “కానీ మీరొక సంగతి తెలుసుకోవాలి. మొదటి ఏడాది ప్ర వచ్చినవాళ్లకూ తోచిన లయల్లో తట్టి చికిత్స చేశాం, ఏమైనా పని చేస్తుందేమోనని. నలుగురికి. నలుగురూ బల్ల మీదే పోయారు. ఐదు నిమిషాల్లో. ఇంటికి పోయుంటే కనీసం నెల రోజులు పిల్లల మధ్య ఉండేవాళ్లు. ఆ నలుగురి పేర్లూ నాకు గుర్తున్నాయి. అందుకే ప్ర వస్తే ముట్టుకోవద్దని నియమం పెట్టాను. నియమం పెట్టింది భయంతో. అహంకారంతో కాదు.”

“నలుగురివీ నిజంగ ప్రధాన సంఖ్యలే అయ్యుంటయి.”

“అయ్యుంటాయి.”

“ఈమెది కాదు.”

“యంత్రం పరీక్షలో నెగ్గింది.”

“నెగ్గింది మేడం. నేను కాదంటలేను. మా బడిల గూడ చూసి రాసి నెగ్గేటోళ్లుంటరు. మీ యంత్రం దీన్ని ఒక్కసారన్న భాగించిందా?”

ఆమె కాగితం మంచం మీద పెట్టింది.

“లక్ష సంఖ్యలతో పరీక్షించాం ఆ యంత్రాన్ని,” అంది. “ఒక్క తప్పు రాలేదు.”

“మీకు తోచిన సంఖ్యలిచ్చి పరీక్షించిన్రు. గుండెలు తోచినట్టు కొట్టుకోవు. ఒక ఇంట్ల జబ్బు ఒక్క తీరుగనే కొట్టుకుంటది. అవే సంఖ్యలు మళ్ల మళ్ల వస్తయి. లక్షల ఒకటి ఎవరికో రాలే, మా ఇంటికే రెండుసార్లు వచ్చింది.”

అతని గొంతు పెరగలేదు. వార్డులో పక్క మంచాల వాళ్లు మాత్రం మాటలు ఆపేశారు. ఇంతియాజ్ నేల చూస్తున్నాడు. వనజ దిండును ఆనుకుని కూర్చుంది. పెదవులు నీలంగా మారుతున్నాయి. మంచం పక్కనున్న తెర మీద ఆమె గుండె గీతలు అడ్డదిడ్డంగా పరుగెడుతున్నాయి.

హేమనళిని తెర వైపు చూసింది. “ముడి బిగుస్తోంది. చేస్తే ఇప్పుడే చెయ్యాలి. ఇంకో మూడు గంటలైతే కొసలు తెలిసినా లాభం ఉండదు.” ఇంతియాజ్ వైపు తిరిగింది. “ప్రత్యేక అనుమతి పత్రం తీసుకురా.”

*

పత్రం ఒక పేజీ. సొంత బాధ్యత మీద, ప్రయోగంగా చికిత్సకు ఒప్పుకుంటున్నామని ఉంది. చివర రెండు వాక్యాలున్నాయి. ఈ చికిత్స ఫలితం ఏదైనా, యంత్రం ఇంతకుముందు ఇచ్చిన నిర్ణయాలు సరైనవేనని అంగీకరిస్తున్నాము. వాటిని ఎక్కడా ప్రశ్నించబోము.

రాజేశం ఆ రెండు వాక్యాలు చదివాడు. మళ్లీ చదివాడు. ఇన్ని నెలలుగా అతను అడిగినది ఒక్కటే: సుగుణ కాగితం మీది అక్షరం కొట్టేయమని. ఇప్పుడు తన చేత్తోనే అది సరైనదని రాసివ్వాలి. రాసిస్తే వనజ బతుకుతుంది. సుగుణ అయితే ఏమనేదో అతను ఆలోచించాల్సిన పని లేదు. చెల్లెలి కోసం ఆమె తన పేరే కాదు, ఏదైనా ఇచ్చేసేది.

పెన్ను మూత తీశాడు.

“ఆగు,” అంది వనజ. “ఏం రాసున్నదో చదువు.”

“నీకెందుకు, పడుకో.”

“గుండె ఎవలది బావా? నీదా, నాదా? చదువు.”

చదివాడు. పాఠం చదివినట్టు, ఏ మాటనూ ఒత్తకుండా చదివాడు. వనజ కళ్లు మూసుకుని వింది. అయిపోయాక చెయ్యి చాచింది. అతను పత్రం ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి దిండు కింద దూర్చి, దాని మీద తల పెట్టుకుంది.

“నేను సంతకం వెట్ట,” అంది.

“వనజా.”

“అక్క ఇరవయ్యారు దినాలు గోడ దిక్కు మొకం వెట్టి పన్నది. నా గుండెనే గట్టిది కాదు వనజా, నా కర్మ గింతే అన్నది. తన తప్పే అనుకుంట పోయింది. ఇప్పుడు నేను సంతకం వెట్టి, అవునక్కా, నీ తప్పే అనాల్నా? అట్లయితే గీ గుండె నాకొద్దు.”

“వనజ గారూ, ఇది మాటల పట్టింపు,” అంది హేమనళిని. “కాగితంలో వాక్యం కోసం ప్రాణం పోగొట్టుకుంటారా?”

“మీకు మాటల పట్టింపయితే కొట్టెయ్యున్రి మేడం. మీకు రాసుడు వచ్చు, కొట్టేసుడు వచ్చు. మా అక్క కాగితం తెప్పియ్యున్రి. దాని మీద తప్పని రాసి మీ పేరు వెట్టున్రి. అప్పుడు ఏ బల్ల మీద పండుమంటే ఆ బల్ల మీద పండుకుంట.”

“టైము లేదు.”

“అయితే జల్ది రాయున్రి.”

ఊపిరి అందక ఆగింది. రాజేశం ఆమె భుజం పట్టుకున్నాడు. పత్రం లాక్కుని తనే సంతకం పెడదామా అనుకున్నాడు. ఆమె అతని చెయ్యి తీసి పక్కన పెట్టింది.

“నువ్వు భయపడకు,” అంది. “అక్కకచ్చినప్పుడు నువ్వు ఏం అడగలే. నేను అడుగుత.”

ఎనిమిది నెలల్లో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. అతను తనతో తాను అనుకోవడం మానలేదు. అతను మంచం పక్క నుంచి లేచి హేమనళినికి ఎదురుగా నిలబడ్డాడు.

“నేను కూడా సంతకం పెట్ట మేడం,” అన్నాడు. “ఆమె చెప్పిందే నా మాట.”

గోడ గడియారం మూడున్నర దాటింది. హేమనళిని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆమె బయటికి పోతే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు, ఆమెకు కూడా. వెనక్కి తిరగకుండానే అంది.

“ఇంతియాజ్, ఆడెపు సుగుణ ఫైలు.”

ఫైలు రావడానికి పది నిమిషాలు పట్టింది. హేమనళిని మంచం పక్కనున్న మందుల బల్ల మీదే దాన్ని తెరిచింది. రాజేశం మూడు సంఖ్యలు చెప్పాడు. ఇంతియాజ్ ఫోన్ తియ్యబోతే ఆమె వద్దంది.

“నేనే చేస్తాను.”

కళ్లజోడు పెట్టుకుని గుణించడం మొదలుపెట్టింది. చేత్తో గుణించి ఎన్నేళ్లయిందో, అంకెలను తడుముకుంటూ రాస్తోంది. మూడో వరసలో ఆగింది.

“చేతిలో ఉన్న రెండు కలపలేదు,” అన్నాడు రాజేశం.

ఆమె కొట్టేసి మళ్లీ రాసింది. చివరి వరస కూడి, ఫైలు అడుగున ఉన్న చిన్న అంకెలతో ఒక్కొక్కటే పోల్చుకుంది. చివరి అంకె కూడా కలిసింది.

“ప్ర వచ్చినవాళ్లు ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మంది,” అంది ఎవరికీ కాకుండా.

తర్వాత పెద్ద అక్షరం మీద అడ్డంగా గీత గీసింది. పక్కన రాసింది: సంయుక్తం. యంత్రం పొరపాటు. చికిత్స చేయవలసింది, చేయలేదు. కింద పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది.

వనజ రాజేశం చేత ఆ మూడు ముక్కలూ చదివించుకుంది. దిండు కింద నుంచి అనుమతి పత్రం తీసి, చివరి రెండు వాక్యాల మీద తన చేత్తోనే గీతలు గీకి, మిగిలినదానికి సంతకం పెట్టింది.

“ఇగ నడువున్రి,” అంది.

*

బల్ల చుట్టూ ఎక్కువ వస్తువులు లేవు. ఒక సన్నని తీగ, ఒక చిన్న పెట్టె, ఒక తెర. యంత్రం వనజ సంఖ్యను విడగొట్టడానికి ఒప్పుకోలేదు. దాని లెక్కలో అది ఇంకా ప్రధానమే. ఇంతియాజ్ దాన్ని పక్కకు తోసి, లయలను తన చేత్తో పెట్టెలోకి ఎక్కించాడు. రాజేశం గాజు తలుపు ఇవతల నిలబడి చెప్పాడు.

“ఆరు వందల ఒకటి.”

మొదటి లయ మొదలైంది. తెర మీది గీతల గుంపులో ఒకటి విడిపడి పక్కకు వచ్చింది.

“పన్నెండు వందల ఒకటి.”

రెండోది.

“పద్దెనిమిది వందల ఒకటి.”

మూడో లయ మొదలైన కాసేపటికి తెర మీద ఏమీ లేదు. ఒకటే గీత, నేలలా. హేమనళిని తీగను పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆమె పెదవులు మెదులుతున్నాయి. ఆ నలుగురి పేర్లేమోనని రాజేశం అనుకున్నాడు. సంఖ్యలు సరైనవని అతనికి తెలుసు, గుణించి చూశాడు. అయినా అది కాగితం మీద. ఇది వనజ. ఇంతకాలం తాను నిలబెట్టిన మాట తప్పైతే, నెల రోజులు బతకాల్సిన మనిషిని తానే ఈ బల్ల ఎక్కించినట్టు. అతను తలుపు మీది చెయ్యి తియ్యలేదు. చూపూ తిప్పుకోలేదు. సుగుణ పోయేటప్పుడు తిప్పుకున్నాడు.

గీత మీద ఒక గుట్ట లేచింది. కాసేపాగి ఇంకొకటి. తర్వాత ఒకే ఎత్తులో, ఒకే దూరంలో, వరసగా.

హేమనళిని తీగ వదిలేసి గోడకు ఆనుకుంది.

వనజకు తెలివి వచ్చేసరికి కిటికీలో ఎండ ఇంకా ఉంది. పెదవుల రంగు తిరిగి వచ్చింది. నీళ్లు అడిగింది, తాగింది. చుట్టూ చూసి, “మూడు సాంచెలు బందయి ఒక్కటే నడుస్తున్నట్టున్నది లోపట,” అంది. “చెవులల్ల సప్పుడు లేదు.”

“మాట్లాడకు.”

“ఎంతసేపు పట్టింది బావా?”

“పద్దెనిమిది నిమిషాలు.”

వనజ కిటికీ వైపు తల తిప్పింది. “అక్కకు గూడ గంతేనా పట్టేది?”

“గంతే.”

ఆమె కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తుడుచుకోలేదు. అతను కూడా తుడవలేదు. హేమనళిని ప్ర వచ్చినవాళ్ల ఫైళ్లన్నీ బయటికి తీయిస్తోందని చెప్పాడు.

“పో,” అంది వనజ. “నా కాడ కూసుంటే ఏమొస్తది? ఆమె మనసు మార్చుకోకముందే పో.”

హేమనళిని గది తలుపు తెరిచే ఉంది. ఫైళ్లు నేల మీద నాలుగు దొంతరలుగా పేర్చి ఉన్నాయి. ఇంతియాజ్ వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని, మొదటి ఫైలు అడుగున ఉన్న సంఖ్యను ఫోన్‌లో కొడుతున్నాడు. ఒక్క సెకను. తల ఎత్తి రాజేశం వైపు చూశాడు.

“ఇది నిజంగ ప్రధానమే సార్. ఈమెను ఎవరూ కాపాడలేకపోతుండిరి.”

“పేరు?”

“కట్టెకోల అంబుబాయి. వేములవాడ.”

“ఈ రోజుకు చాలు మాస్టారూ,” అంది హేమనళిని. “రేపు చూద్దాం. తప్పు పోయినవాటిని విడిగా తీసి, వాళ్ల ఇళ్లకు మాత్రమే చెబుదాం. సరిగా ఉన్నవాళ్లకు చెప్పడానికి ఏముంది?”

రాజేశం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, దొంతరల మధ్య నేల మీద కూర్చున్నాడు.

“ఉన్నది మేడం,” అన్నాడు. “మేం భాగించి చూసినం అని చెప్పాలె. నాలుగు వందల పన్నెండు ఇండ్లకు చెప్పాలె.”

ఇంతియాజ్ చేతిలోంచి ఫైలు తీసుకుని, అంబుబాయి ఇంటి వాళ్ల ఫోన్ నంబరు ఎక్కడ రాసి ఉందో వెతకసాగాడు.